నాగమణి తాగిన గిన్నె

వీరరాఘవయ్య గారు నా కొట్టుకొచ్చి దాహం అన్నారంటే గ్లాసు కోసం వెతకక్కర్లేదు. సీసా చేతికిస్తే చాలు. తల వెనక్కి వంచి, సీసాను నోటికి బెత్తెడు ఎత్తులో పట్టుకుని, చొక్కా మీద చుక్క పడకుండా గటగటా తాగేస్తారు. హామిల్టన్‌కు వచ్చి సగం జీవితం గడిచినా, ఇంకొకరి పెదవి తగిలిన అంచుకు ఆయన పెదవి తగల్లేదు.

పాలు పితికే మిషన్లు బాగుచేసే కంపెనీలో పనిచేసి రిటైరైన మనిషి. చుట్టుపక్కల ఆయన తిరగని ఫారం లేదు. ఏ ఫారానికి వెళ్ళినా మిషన్ సంగతి తరవాత, ముందు టీ తాగమంటారు. ఈయన వ్యాన్‌లోంచి తన స్టీలు గ్లాసు తెచ్చుకుని అందులో పోయించుకునేవారు. కివీలు, అంటే ఈ దేశపు తెల్లవాళ్ళు, మొదట్లో నవ్వారట, తరవాత అలవాటు పడ్డారట. ఒక ముసలి రైతు ఆ గ్లాసు తగిలించుకోవడానికి షెడ్డు గోడకు మేకు కూడా కొట్టించాడని చెప్పుకుని మురిసిపోయేవారు. నాకు మాత్రం అది వింటే ఒళ్ళు మండేది. ఇంత దూరం వచ్చి, వాళ్ళ ఉప్పు తింటూ, వాళ్ళ కప్పు మాత్రం పనికిరాదా?

అడిగేశాను కూడా. మనసులో పెట్టుకుని ఊరుకునే రకం కాదు నేను. నా పేరు మంగాదేవి, ఈ ఊళ్ళో మనవాళ్ళ సరుకుల కొట్టు నాది. ఇక్కడ కందిపప్పు కొనుక్కునే ప్రతివాళ్ళూ నా చేత నాలుగు మాటలు పడ్డవాళ్ళే.

"అసహ్యం కాదమ్మా," అన్నారాయన, నొచ్చుకోకుండా. "తెనాలి దగ్గర మా నాయనమ్మ పెంచింది నన్ను. నిప్పులు కడిగే ఆచారం ఆవిడది. మంచినీళ్ళ ముంతకి ఎవరి నోరైనా తగిలిందా, వాకిట్లో పడేసి పగలగొట్టేసేది. 'ఇత్తడిది తోమితే పోతుందిరా, మట్టి అలా కాదు, అది తాగేస్తుంది, తాగింది కక్కదు' అనేది. ఇప్పుడు నేను వద్దనుకున్నా చెయ్యి దానంతట అదే పైకి లేస్తుంది, ఏం చెయ్యను?"

ఆయన భార్య నాగమణి ఈ విషయంలో పూర్తిగా వేరే మనిషి. వృద్ధుల హోమ్‌లో లాండ్రీ పని ఆవిడది. పొద్దుటినుంచీ వేడి దుప్పట్లు మడతపెట్టి, సాయంత్రానికి మా కొట్టుకొచ్చి బియ్యం బస్తా మీద కూలబడేది. పక్కన ఎవరు మిక్చర్ తింటున్నా చెయ్యి పెట్టేది, తన ప్లేట్లోది తీసి మన నోట్లో పెట్టేది. పిల్లలు లేరు. ఆ మాట ఎవరైనా ఎత్తితే తనే నవ్వేసి వేరే కబుర్లలోకి దింపేది. నన్ను వదినా అనేది, నేనూ తనని వదినా అనేదాన్ని. ఎవరికి ఎవరు వదినో మేం ఎప్పుడూ తేల్చుకోలేదు.

ఒక ఆదివారం హామిల్టన్ గార్డెన్స్‌లో జపాన్ తోట చూడ్డానికి వెళ్ళింది. అక్కడ సెత్సుకో అనే జపాన్ పెద్దావిడ వాళ్ళ పద్ధతిలో టీ చేసి చూపిస్తుంటే అలాగే కూర్చుండిపోయింది. మర్నాడు కొట్టుకొచ్చి అదే మాట.

"ఒక్క టీ చెయ్యడానికి గంట పట్టింది వదినా. ఆ గంటసేపూ ఎవరూ తొందరపడలేదు. కానియ్, కానియ్ అనే గొంతు ఒక్కటి వినపళ్ళేదు. నేను కూడా నేర్చుకుంటా."

నేర్చుకుంటుందని నేననుకోలేదు. మోకాళ్ళ మీద కూర్చోవాలి, గుడ్డ ఇలాగే మడవాలి, గరిటె ఇలాగే పట్టుకోవాలి, ఇన్ని నియమాలా ఒక టీ చుక్కకి? కానీ శనివారం వచ్చిందంటే మోకాళ్ళకు మందు రాసుకుని మరీ సెత్సుకో గారింటికి వెళ్ళేది. అలా ఏళ్ళు గడిచాయి. ఇక నీ అంతట నువ్వే అతిథులకు టీ ఇవ్వొచ్చు అని తోచిన నాడు సెత్సుకో గారు ఆవిడకొక గిన్నె ఇచ్చారు.

జపాన్‌లో హాగి అనే ఊళ్ళో చేసిన మట్టి గిన్నె అది. రెండు అరచేతుల్లో ఇమిడేంత. పాలమీగడ రంగు, అందులో ఎక్కడో కాస్త గులాబీ. పైన పూత ఉంది గానీ ఆ పూత నిండా వెంట్రుక కంటే సన్నని పగుళ్ళు. చూడగానే, "బీటలు వారినదాన్ని అంటగట్టిందేమిటే ఆ ముసలావిడ?" అన్నాను.

నాగమణి పగలబడి నవ్వింది. ఆ పగుళ్ళలోంచే టీ మట్టిలోకి దిగుతుందట. తాగినకొద్దీ దిగి, దిగినకొద్దీ గిన్నె రంగు మారుతుందట. ఒకళ్ళ గిన్నె ఇంకొకళ్ళ గిన్నెలా ఉండదట. అలా మారడానికి మనిషి ఓపిగ్గా తాగుతూ ఉండాలట. కొత్త గిన్నె కంటే అలా ముసలిదైన గిన్నెకే విలువ ఎక్కువట.

దానికి ఆవిడ చేసే చాకిరీ చూస్తే పసిపిల్లకు లాల పోస్తున్నట్టు ఉండేది. టీ చేసే ముందు గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచేది. మట్టి ముందే నీళ్ళతో కడుపు నింపుకుంటే టీని ఒక్కసారిగా పీల్చుకోదట. తాగాక వేడినీళ్ళతో, వేళ్ళతో మాత్రమే కడగాలి. సబ్బు తగలకూడదు, సబ్బు వాసనను కూడా మట్టి తాగేస్తుంది. పీచు అసలే కూడదు. మెత్తటి గుడ్డతో అద్ది, కిటికీ దగ్గర కాస్త ఒరిగించి, గాలి ఆడేట్టు పెట్టాలి. ఎండలో కాదు, హీటర్ ముందు కాదు. పైకి ఆరినట్టే కనిపిస్తుంది గానీ లోపల తడి ఉంటుంది, కాబట్టి రోజుల తరబడి అలా వదిలెయ్యాలి. ఆ తరవాతే చెక్కపెట్టెలో పెట్టి తాడు కట్టాలి. ఈ ఊరి పొగమంచుకు గోడలకే బూజు పడుతుంది, ఇంటింటా తేమ లాగే మిషన్ రొద పెడుతూనే ఉంటుంది, ఇక మట్టి గిన్నె ఎంత! ఇదంతా నాగమణి బియ్యం బస్తా మీద కూర్చుని నాకు చెప్పీ చెప్పీ నోటికి వచ్చేలా చేసింది. ఇంట్లో ఆయనకూ చెప్పింది. ఆయన పేపర్లోంచి తలెత్తితే కదా!

ఆ చలికాలంలోనే నాగమణి మొదటిసారి తనే ఆతిథ్యం ఇచ్చింది, సెత్సుకో గారింట్లో, చాపలు పరిచిన గదిలో. అతిథులం నలుగురం: సెత్సుకో గారు, ఆవిడ దగ్గరే నేర్చుకుంటున్న ఒక కివీ టీచరమ్మ, నేను, చివర రాఘవయ్య గారు. ఆయన సెలవు చూసుకునే ఆ రోజు పెట్టుకుంది. "మీ అన్నయ్య నా చేతి టీ తాగుతారు వదినా. కిమోనో నాకెందుకు, నా ఉప్పాడ చీర కట్టుకుంటా" అని అంతకు ముందు కొట్టుకొచ్చినప్పుడల్లా అదే పాట.

ఆ రోజు చేసేది చిక్కటి టీ. పాయసమంత చిక్కగా, వేపాకంత పచ్చగా ఉంటుంది. అందరికీ కలిపి ఒకటే గిన్నె. ఒకరు కాస్త తాగి, అంచు తుడిచి, పక్కవాళ్ళకు అందిస్తారు. ఒకే గిన్నెలో అందరూ తాగడమే అక్కడ మర్యాద. ఈ సంగతి నాగమణి మొగుడికి ముందు చెప్పలేదు. చెబితే రారని భయం.

నా వంతు వచ్చేసరికి నాకూ మనసొప్పలేదు, అబద్ధం ఎందుకు! కళ్ళు మూసుకుని మింగేశాను. చేదు, దాని వెనకే ఏదో తీపి. తుడిచి ఆయనకు అందించాను. రెండు చేతులా తీసుకున్నారు. నోటిదాకా ఎత్తారు. అక్కడ ఆగిపోయారు. చెవులు ఎర్రబడ్డాయి, నుదుట చెమట పట్టింది. ఆఖరికి గిన్నెను కళ్ళకద్దుకుని చాప మీద పెట్టేశారు.

రుచి ఎలా ఉందని అడగాల్సిన వేళ నాగమణి అడగలేదు. గిన్నె తీసుకుని వెనక గదిలోకి వెళ్ళింది. సాయం చేద్దామని నేనూ వెళితే, అక్కడ నిలబడి ఆయన వదిలేసింది తాగుతోంది.

"పారబొయ్యకూడదు వదినా," అంది నన్ను చూసి. కళ్ళలో నీళ్ళు ఉన్నాయి గానీ గొంతు మామూలుగానే ఉంది.

ఇంటికి వెళ్ళాక మొగుడితో గొడవ పెట్టుకుంటుందేమో అనుకున్నాను. పెట్టుకోలేదు. నేను పెట్టుకున్నాను. మర్నాడే వాళ్ళ గుమ్మంలో నిలబడి, "కట్టుకున్నదాని చేతి టీ కూడా ఎంగిలేనా అన్నయ్య గారూ?" అని కడిగేశాను.

"మణి చేతిది కాబట్టే అంతదాకా ఎత్తానమ్మా," అన్నారు తలొంచుకుని. "ఇంకెవరిదైనా అయితే ముట్టుకునేవాణ్ణి కూడా కాదు."

ఆ తరవాత నాగమణి ఆయన్ని మళ్ళీ పిలవలేదు. ఆదివారాలు ఇంట్లో బల్లకు ఆ పక్క ఆయన స్టీలు గ్లాసులో ఫిల్టర్ కాఫీ, ఈ పక్క ఆవిడ గిన్నెలో పచ్చ టీ. కబుర్లు చెప్పుకుంటూ, అన్యోన్యంగానే ఉండేవారు. పైనుంచి చూసేవాళ్ళకు ఏ లోటూ కనిపించదు. గిన్నె మాత్రం ఏడాదికేడాదీ రంగు తిరుగుతూ వచ్చింది. మీగడ రంగు పోయి తేనె రంగు, ఆ తరవాత ఎండిన మామిడాకు రంగు. పగుళ్ళన్నీ సన్నని గోధుమ గీతలయ్యాయి. పెదవి ఆనించే చోట అంచు మరింత నల్లబడింది. "చూశావా వదినా, నాతోపాటే ముసలిదవుతోంది," అనేది నాగమణి, మెచ్చుకోలుగా.

ముసలిదవడానికి నాగమణికి అవకాశం దొరకలేదు. కడుపులో నొప్పి అంటే గ్యాస్ అనుకున్నాం. గ్యాస్ కాదని తెలిసేసరికి డాక్టర్లు మాట్లాడే తీరు మారిపోయింది. చివరిసారి ఆసుపత్రికి వెళ్ళిన పొద్దున కూడా టీ చేసుకుని సగం తాగిందట. అంబులెన్స్ వచ్చింది. గిన్నె కడగకుండానే సింకు పక్కన ఉండిపోయింది. ఆవిడ తిరిగి రాలేదు. ఆ వారం నేను కొట్టు తెరిచాను గానీ ఎవరికి ఏం తూచి ఇచ్చానో నాకే తెలియదు.

కర్మకాండకు మనురేవా అనే ఊరి నుంచి రాఘవయ్య గారి అక్క సరోజిని గారు వచ్చారు. పెద్దావిడ, పద్ధతి తెలిసిన మనిషి. మైల ఇల్లని గిన్నెలన్నీ సింకు నిండా సబ్బు నీళ్ళు పట్టి అందులో పడేశారు. నాగమణి గిన్నె కూడా వాటితోపాటు పూటంతా నానింది. తోముదామని తీసినప్పుడు చూసుకున్నారావిడ, అది మట్టిదని.

"ఇదేమిట్రా, ఇది కూడా మట్టిదే! చావు జరిగిన ఇంట్లో మట్టివి ఉంచకూడదు," అన్నారట. అప్పటికే పెరుగు ముంత, మంచినీళ్ళ కుండ బయట చెత్త బిన్‌లో ఉన్నాయి. ఆవిడను తప్పు పట్టను. మా వైపు ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్ళు అదే చేస్తారు.

రాఘవయ్య గారు ఒక్క అంగలో వెళ్ళి అక్క చేతిలోంచి గిన్నె లాక్కున్నారట. "మట్టిది కాదక్కా, పింగాణీ," అని అబద్ధమాడారు. ఆవిడ నమ్మలేదు. మళ్ళీ అడుగుతుందేమో, ఏ మూలనుంచైనా తీసి పారేస్తుందేమో అని భయం. నీళ్ళు కారుతున్నదాన్ని అలాగే నాగమణి ఉప్పాడ పట్టుచీరలో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి, తాడుతో ముడి మీద ముడి వేసి, పడగ్గది బీరువాలో దాచేశారు. ఆ గది తలుపు కూడా మూసేశారు. ఇదంతా నాకు తెలిసింది చాలా ఆలస్యంగా.

దినాలయ్యాక సెత్సుకో గారు తెల్ల పూలు పట్టుకుని పలకరించడానికి వచ్చారు. నేనక్కడే ఉన్నాను. నెమ్మదైన ఇంగ్లీషులో ఆవిడ ఆయనతో అన్నది ఇది: "మట్టి తాగిన ప్రతి టీలోంచీ కాస్త ఉంచుకుంటుంది. ఇన్నేళ్ళు నాగమణి తాగింది. ఆవిడ ఆ గిన్నెలో ఉంది." ఆయన నాయనమ్మ ఏ కారణానికి ముంతలు పగలగొట్టిందో, అదే కారణానికి ఈవిడ ఆ గిన్నెకు దండం పెడుతోంది.

అప్పటినుంచి ఆయన నా కొట్టులో బియ్యం బస్తా మీద కూర్చోవడం మొదలుపెట్టారు. నాగమణి కూర్చున్న చోటే. ఒకరోజు పప్పులు సర్దుతున్న నాతో, తల ఎత్తకుండా అన్నారు.

"సంవత్సరీకం అయ్యాక సెత్సుకో గారు మణి పేరు మీద టీ ఇస్తానన్నారమ్మా. మణి గిన్నెలోనే. ఆ రోజు నేను తాగుతాను."

"తాగగలరా?" అన్నాను. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాను.

"బట్టలు మీరంతా పంచుకున్నారు. కంచం అక్క తీసుకెళ్ళింది. దిండుకి వాసన ఉండేది, అదీ పోయింది. మణి నోరు తగిలింది ఇంకేం మిగిలిందమ్మా ఈ ఇంట్లో? ఆ గిన్నె ఒక్కటే. బతికుండగా మణి ఎంగిలి ఒక్క గుక్క తాగలేకపోయాను. ఇప్పుడు తాగితే చాలు, ఇంకేం అక్కర్లేదు నాకు."

నా కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళలో ఆ మనిషి మీద నాకున్న కోపమంతా ఆ బస్తా దగ్గరే కరిగిపోయింది. మరి తీసి చూసుకున్నారా అంటే, లేదన్నారు. మైల ఏడాదిలో దాన్ని ముట్టుకోకూడదని ఆయన అనుకున్నారు. రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఆ బీరువా తెరిచి, పెట్టె ముందు అగరొత్తి వెలిగించి, దండం పెట్టుకుని, మళ్ళీ మూసేసేవారట. తడి గిన్నెను లోపల కట్టేశారని నాకు తెలియదు. ఎంత భక్తిగా చూసుకుంటున్నారో అనుకుని మురిసిపోయాను, పిచ్చిదాన్ని.

సంవత్సరీకానికి ముందు, గిన్నెకు కాస్త గాలి తగలనివ్వాలని సెత్సుకో గారు వాళ్ళింటికి వచ్చారు. నన్నూ రమ్మన్నారు. రాఘవయ్య గారు మడిబట్టతో పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు. ముడులు ఒక పట్టాన రాలేదు. మూత తీయగానే వాసన గుప్పుమంది. తడిసి ముక్కిన గోనెసంచి వాసన. ఉప్పాడ చీర మడతల్లో నల్లగా, పచ్చగా మచ్చలు. గిన్నె లోపలంతా బూడిద రంగు నూగు. గోధుమ గీతలన్నీ నల్లటి బొచ్చు పట్టి ఉన్నాయి.

"మణీ," అన్నారాయన.

సెత్సుకో గారు గిన్నెను రెండు చేతులా తీసుకుని, బోర్లించి, అడుగున వాసన చూసి కళ్ళు మూసుకున్నారు. కడిగాక ఎన్నాళ్ళు ఆరబెట్టారని నెమ్మదిగా అడిగారు. అప్పుడు చెప్పారాయన, సింకు సంగతి, అక్క సంగతి, పారేస్తారన్న భయం సంగతి. ఆవిడ ఒక్క పరుషమైన మాట అనలేదు. అనాల్సినవన్నీ నేనే అన్నాను.

"ఒక్క మాట నన్ను అడగొచ్చు కదా అన్నయ్య గారూ! నా కొట్టులో అన్నాళ్ళు కూర్చున్నారే! ఆరబెట్టాలని నాకు తెలుసు కదా, మీ ఆవిడ నాకు వెయ్యిసార్లు చెప్పింది కదా!" అని అరిచేశాను. అరుస్తూనే ఏడ్చేశాను. ఆయన నా వైపు చూడలేదు. చీర మడతలో ఉన్న మచ్చను బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నారు.

సెత్సుకో గారు చెప్పింది ఇది. బూజు పైన లేదు, మట్టిలోకి దిగింది. ఇలాగే జ్ఞాపకంగా దాచుకోవచ్చు, కానీ బూజు దాన్ని తింటూనే పోతుంది, ఇందులో తాగితే జబ్బు చేస్తుంది. లేదంటే చల్లటి నీళ్ళలో పెట్టి, సన్నటి సెగ మీద మెల్లగా కాచి, మళ్ళీ మళ్ళీ నీళ్ళు మార్చి ఉడికించాలి. బూజు పోతుంది. దాంతోపాటు ఇంకేం పోతుందో, ఏం మిగులుతుందో ముందుగా చెప్పలేం. కొన్ని గిన్నెలకు రంగు నిలుస్తుంది, కొన్నిటికి నిలవదు. గిన్నె మీది, మీరే చెప్పాలి అన్నారు.

ఆయన కొన్నాళ్ళు తేల్చుకోలేకపోయారు. పొద్దున్నే కొట్టుకొచ్చేవారు, ఏదో అడగబోయి మానేసి వెళ్ళిపోయేవారు. తిండి తింటున్నారో లేదో అని సాంబారు డబ్బాలో పోసి పంపేదాన్ని. చివరికి వచ్చి, "దాచుకోడానికి నాకెందుకమ్మా, పూజ చేసింది చాలు. తాగడానికి కావాలి. కాస్తయినా మిగలదా?" అన్నారు. మిగులుతుంది అన్నాను. నాకేం తెలుసని అన్నానో!

వాళ్ళ వంటింట్లోనే కాచాం. నా పెద్ద స్టీలు గిన్నె పట్టుకెళ్ళాను. అడుగున గుడ్డ మడిచి వేసి, నీళ్ళు పోసి, సెత్సుకో గారు చెప్పినట్టే సెగ తగ్గించాం. చాలాసేపటిదాకా ముక్కిన వాసన తప్ప ఏమీ లేదు. తరవాత నీళ్ళు రంగు తిరగడం మొదలుపెట్టాయి. లేత పసుపు, ఆ పైన గోధుమ. ఉన్నట్టుండి ఆ బూజు వాసన కిందనుంచి ఇంకో వాసన లేచింది. టీ వాసన. నాగమణి ఆదివారాల వాసన. వెనక్కి తిరిగితే అక్కడే నిలబడి ఉంటుందన్నట్టు అనిపించి నా ఒళ్ళు జలదరించింది.

ఆవిరి ఎక్కువైందని అలవాటుగా పొయ్యి మీది ఫ్యాన్ స్విచ్ మీదికి చెయ్యి పోనిచ్చాను. రాఘవయ్య గారు నా మణికట్టు పట్టుకుని ఆపారు. ఆడవాళ్ళ చెయ్యి ముట్టుకునే మనిషి కాదాయన.

"వద్దమ్మా. బయటికి పోతుంది," అన్నారు.

వంటింటి తలుపు మూశారు, కిటికీ మూశారు. ఆ ఆవిరిలోకి ముఖం వంచి నిలబడ్డారు. కళ్ళజోడు మసకబారితే తీసి పక్కన పెట్టారు. పీల్చి, పట్టుకుని, వదల్లేక వదిలి, మళ్ళీ పీల్చారు. నేను చూడలేక గోడవైపు తిరిగాను. నీళ్ళు మార్చిన ప్రతిసారీ ఆ నీళ్ళు సింకులో పొయ్యనివ్వలేదు, ఎవరూ తొక్కని చోటని పెరట్లో నిమ్మచెట్టు మొదట్లో పోసి వచ్చారు. ప్రతి వాయికీ రంగు తగ్గింది, వాసన తగ్గింది. ఆఖరి వాయిలో నీళ్ళు కుళాయి నీళ్ళలాగే ఉన్నాయి.

ఆ తరవాత ఆయన దాన్ని ఆరబెట్టిన తీరు చూస్తే నాగమణి కూడా వంక పెట్టలేకపోయేది. కిటికీ దగ్గర, ఎండ పడకుండా, మెత్తటి గుడ్డ మీద ఒరిగించి, పొద్దునా సాయంత్రం పక్క తిప్పేవారు. తేమ లాగే మిషన్ ఆ గదిలోనే పెట్టారు. నేను వెళ్ళినప్పుడల్లా తీసి చూపించి, "ఇక్కడ కాస్త రంగుందేమో చూడమ్మా" అని అంచు వెలుతురుకు పట్టేవారు. ఆరినకొద్దీ గిన్నె తెల్లబడుతూ వచ్చింది. మామిడాకు రంగు లేదు, తేనె రంగూ లేదు. సెత్సుకో గారు ఇచ్చిన నాటి పాలమీగడ రంగుకు వచ్చి ఆగింది. ఎక్కడా బీట పడలేదు, వాసన లేదు, వేలితో కొడితే చక్కగా పలికింది. గిన్నె బతికింది అన్నారు సెత్సుకో గారు. రాఘవయ్య గారు సంతోషించినట్టు తల ఊపారు.

సంవత్సరీకం అయిన మర్నాడు సెత్సుకో గారింట్లో కూర్చున్నాం. ఈసారి ఆయన్ని మొదటి అతిథిగా కూర్చోబెట్టారు. పక్కన నేను, ఆ పక్కన టీచరమ్మ. సెత్సుకో గారికి ఎనభై దాటాయి, అయినా చేతులు వణకలేదు. గిన్నెను వెచ్చని నీళ్ళతో కడిగి, తుడిచి, చిక్కటి టీ చేసి ఆయన ముందు పెట్టారు.

ఆయన గిన్నె ఎత్తుకున్నారు. చెయ్యి ఆగలేదు. అంచుకు పెదవి నిండుగా ఆనించి ఒక గుక్క తాగారు. ఇంకో గుక్క తాగారు. ఇక అంచు తుడిచి నాకు అందించాలి. అందించలేదు. గిన్నెను ఒళ్ళో పెట్టుకుని, నోట్లో రుచి వెతుక్కుంటున్నట్టు కాసేపు కూర్చున్నారు. మళ్ళీ ఎత్తి, గిన్నె తిప్పి, నాగమణి పెదవి ఆనించే చోటు ఇదేనేమో అన్నట్టు ఇంకోవైపునుంచి తాగారు. అక్కడినుంచి మరోవైపు. చుట్టూ తిప్పుకుంటూ తాగారు. సెత్సుకో గారు చూస్తూనే ఉన్నారు. ఆ గదిలో అలా తాగకూడదని ఆయనకూ తెలుసు.

"అన్నయ్య గారూ," అని మెల్లగా పిలిచాను.

ఆయన నా వైపు తిరిగారు. గడ్డం మీద పచ్చటి టీ కారి ఉంది.

"ఇందులో మణి లేదమ్మా," అన్నారు. "ఉన్నదంతా నా ఎంగిలే."

గిన్నె అందుకుందామని చెయ్యి చాచాను. ఆయన వదల్లేదు.